బరువుకు ఫొటో తీయడం ఎలా?



విశాఖపట్నం నుంచి అరకు వెళ్లొచ్చినవాళ్ల ఫోను తీసి చూస్తే దాదాపు ఒకే వరుస కనిపిస్తుంది. బొర్రా గుహలు, సొరంగంలో పిల్లల కేరింతలు, వంపులో కిటికీలోంచి తీసిన సొంత బండి తోక, చివర్లో వలిసె పూల పసుపు. ఆ వరుసలో ఎక్కడో ఒక ఫొటో అడ్డం పడి ఉంటుంది. పక్క లైను మీద ఆగిన గూడ్సు. మంచి కొండ కనిపిస్తుంటే ఇదొచ్చి కమ్మేసిందని విసుక్కుంటాం, ఇంటికొచ్చాక చెరిపేస్తాం. నిజానికి ఆ లైను వేసింది ఆ బండి కోసమే. మనం ఎక్కింది అతిథి బండి.

ఇవాళ ఆ గూడ్సు గురించి, దానికి ఫొటో తీయడంలో ఉన్న ఒక చిక్కు గురించి మాట్లాడతాను. రేడియోలో ఫొటోల ముచ్చటేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ ఈ ఒక్క విషయంలో కంటి కన్నా చెవిదే పైచేయి అని నాకు గట్టి అనుమానం.

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే ఈ దారిని రైల్వేవాళ్లు కేకే లైను అంటారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. మన శృంగవరపుకోట, బొడ్డవర దాటి కొండెక్కుతుంది. అరకు మీదుగా ఒడిశాలో కోరాపుట్, జయపురం చూసుకుని, ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్, దంతెవాడ దాటి బైలదిల్లా కొండల దగ్గర ఆగుతుంది. ఆ కొండల నిండా ఇనుపరాయి. హెమటైట్ అంటారు, మేలు రకం. 1958లో ఖనిజాలు తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్.ఎం.డి.సి. ఏర్పడింది. 1960లో ఈ రాయిని జపాన్‌కు అమ్మే ఒప్పందం కుదిరింది. యుద్ధం తర్వాత మళ్లీ నిలదొక్కుకుంటున్న జపాన్ ఉక్కు మిల్లులకు రాయి కావాలి, మనకేమో విదేశీ మారకం కావాలి. మధ్యలో తూర్పు కనుమలు అడ్డం. వాటిని తొలిచి, 58 సొరంగాలతో, జపాన్ సాయం కూడా తీసుకుని దారి వేశారు. దండకారణ్యం, బొలంగీర్, కిరిబురు పేర్ల మొదటి అక్షరాలతో డి.బి.కె. ప్రాజెక్టు అన్నారు. 1960ల చివరికల్లా రాయి సముద్రం వైపు దిగడం మొదలైంది. తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారం వచ్చాక దాని కొలిమికీ ఇదే రాయి, ఇదే దారి.

దారిలో షిమిలిగుడ అని చిన్న స్టేషన్. సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా ఎత్తయిన స్టేషన్ తనదేనని చాలాకాలం చెప్పుకుంది. కాశ్మీరు లైను వచ్చాక ఆ గొప్ప పోయింది. పోయినా ఆ పేరు చెప్పి ఫొటో దిగేవాళ్లు తగ్గలేదు. అక్కడినుంచి కొత్తవలస వైపు దిగుడు. కొన్నిచోట్ల 60 మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగుతాం. మనిషికి అది వాలు కూడా కాదు. రైలుకు అది కొండ.

ఇక నా చిక్కు. ఈ బండి మోసేది అపారమైన బరువు. ఫొటోలో చూస్తే మాత్రం ఖాళీ బండి!

ఎలాగంటే, గూడ్సుల్లో ఎక్కువగా తిరిగేవి బాక్స్ఎన్ అనే రకం వ్యాగన్లు. పైన మూత ఉండదు, చుట్టూ మనిషెత్తుకు మించిన ఇనుప గోడలు. వాటిలో బొగ్గు నింపితే అంచులు దాటి నల్లటి కుప్ప పైకి కనిపిస్తుంది. అదే వ్యాగన్‌లో ఇనుపరాయి పోస్తే సగం కూడా నిండదు. అంతకుమించి పోస్తే ఇరుసులు ఓర్చుకోవు, పట్టాలు ఓర్చుకోవు. కాబట్టి అడుగున రెండు చిన్న దిబ్బలుగా పోసి వదిలేస్తారు. పక్కన నిలబడి ఫొటో తీసేవాడికి కనిపించేది తుప్పురంగు గోడ ఒక్కటే. దాని వెనక అరవై టన్నుల రాయి ఉందో, అరవై టన్నుల గాలి ఉందో కెమెరాకు తెలియదు. ఈ లైను మీద బి.ఓ.వై. అనే పొట్టి గోడల వ్యాగన్లను కూడా తిప్పారు. వాటిలోనైతే దిబ్బల కొసలైనా కనిపిస్తాయి.

ఒక ర్యాక్‌కు, అంటే కలిపి కట్టిన వ్యాగన్ల వరుసకు, 58 వ్యాగన్లు అనుకుందాం. వ్యాగన్ బరువు, రాయి బరువు కలిపి 81 టన్నుల చొప్పున వేసుకున్నా 4,700 టన్నులు. ఆపైన ఇంజన్లు. అంత బరువు కళ్లముందు నుంచి వెళుతుంటే ఫొటోలో ఒక పొడుగాటి తుప్పు గీతలా వస్తే ఎలా ఉంటుంది? నా పాత ఫొటోలు చాలావరకు అలాంటి గీతలే.

లోడు బండినీ ఖాళీ బండినీ వేరుచేసే గుర్తులు మొదట నాకు చెప్పినవాడు ఫొటోగ్రాఫర్ కాదు, చిమిడిపల్లి దగ్గర లైను మీద పనిచేసే ట్రాక్‌మన్. భుజాన సుత్తి, చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా.

“ఏటి బాబూ, గూడ్సుకి కూడా ఫొటోలు తీత్తారేటి?” అన్నాడు.

తీస్తానన్నాను. వచ్చేది లోడు బండో ఖాళీదో తెలిస్తే బాగుణ్ణన్నాను.

“సూడక్కర్నేదు బాబూ, ఇనండి. కాళీదైతే ఆమడ దూరం నుంచి డబ్బాలు కొట్టుకుంటా వస్తాది. లోడుదైతే నోరెత్తదు. నేల సెప్తాది.”

నిండుకుండ తొణకదన్న సామెతకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నేను చూడలేదు. ఖాళీ ర్యాక్ కొండెక్కుతుంటే ఆ మోత లోయంతా మార్మోగుతుంది. తలుపులు, కప్లింగులు, గోడలు అన్నీ తలో మాటా అంటాయి. లోడు ర్యాక్ దిగుతుంటే ఆ గోల ఉండదు. చక్రం పట్టాల అతుకు దాటిన చోట ఒక మొద్దు దెబ్బ, దాని కింద సన్నగా రాపిడి. ముందు పాదాలకు తెలుస్తుంది, తర్వాతే చెవికి.

కంటికి దొరికే గుర్తులూ లేకపోలేదని ఆ తర్వాత నెమ్మదిగా తెలిసింది. చక్రాల మధ్యన జంట స్ప్రింగులుంటాయి. ఖాళీ వ్యాగన్‌లో వాటి చుట్ల మధ్య వేలు పట్టేంత సందు కనిపిస్తుంది, లోడు పడితే చుట్లు దగ్గరకొచ్చేస్తాయి. వ్యాగన్ మొత్తం కాస్త కిందికి కూర్చుంటుంది. అది ఒంటరిగా చూస్తే పట్టుబడదు. లైను సింగిల్‌గా ఉన్నచోట ఎదురెదురు బండ్లు స్టేషన్‌లోనే తప్పుకోవాలి. లోడు బండి ఒక లైను మీద, ఖాళీది పక్క లైను మీద ఆగితే రెండిటి కప్లింగుల ఎత్తులో తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. క్రాసింగ్ కోసం గంటలు గంటలు ఆగుతున్నామని ప్రయాణికులు తిట్టుకునే స్టేషన్లే నాలాంటివాళ్లకు మంచి చోట్లు.

అన్నిటికన్నా నమ్మకమైన దారి పైనుంచి చూడడం. పట్టాల పక్కన కొండను కోసిన చోట, లేదా రోడ్డు వంతెన మీద నిలబడితే వ్యాగన్ లోపలి దిబ్బలు కనిపిస్తాయి. ఒక్కో పెట్టెలో రెండేసి ఎర్రటి గుట్టలు, 58 పెట్టెల్లోనూ అదే వరుస. అప్పుడు చూసేవాడికి అనుమానం వస్తుంది: ఇంత పెద్ద పెట్టెలో ఇంత కొంచెమేనా? ఆ అనుమానం రావడమే బరువు ఫొటోలోకి రావడం.

ఇక్కడ ఒక అమెరికా ఆయన గురించి చెప్పాలి. ఓ. విన్‌స్టన్ లింక్. 1955 నుంచి 1960 దాకా నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే మీద ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్ని పట్టుకున్నాడు. అది బొగ్గు గనుల రైల్వే. ఎక్కువ ఫొటోలు రాత్రిపూట, వరుసగా బిగించిన ఫ్లాష్ బల్బుల వెలుగులో తీశాడు. వెస్ట్ వర్జీనియాలో 1956లో తీసిన ‘హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్’ బాగా పేరుపడింది. ఆరుబయట కార్లలో కూర్చుని జనం సినిమా చూస్తుంటారు, తెర మీద ఒక విమానం, ఆ పక్కనుంచి తెల్లటి పొగ కక్కుతూ గూడ్సు. అసలు సంగతేమిటంటే, ఫ్లాష్ వెలుగుకు తెర మీది బొమ్మ తెల్లబోయింది. విమానాన్ని ఆయన తర్వాత డార్క్‌రూములో అతికించాడు. దీన్ని మోసమంటారా అని కొందరు వాదిస్తారు. నాకా వాదన మీద ఆసక్తి లేదు. నేను అసూయపడేది ఆ పొగను చూసి. ఆవిరి ఇంజన్ ఎంత కష్టపడుతోందో ఆ పొగే చెబుతుంది. ఫొటో తీసేవాడు గుర్తుల కోసం వెతుక్కోనక్కర్లేదు.

మన కేకే లైను డీజిల్‌తో మొదలై, 1980ల తొలినాళ్లకు మొత్తం కరెంటు లైనైపోయింది. కరెంటు ఇంజన్ ముఖం మీద ఏ భావమూ ఉండదు. రైల్వేశాఖ 1980ల చివర స్వీడన్ నుంచి, జపాన్ నుంచి ఆరువేల హార్స్‌పవర్ ఇంజన్లు 18 తెప్పించి ఇక్కడ తిప్పింది. డబ్ల్యూ.ఏ.జి.-6 అని వాటి పేరు, వాల్తేరు షెడ్డు వాటి ఇల్లు. ఇప్పుడవి లేవు. మా తరం ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది మూడు డబ్ల్యూ.ఏ.జి.-5 ఇంజన్లు వరుసగా కట్టిన బండి. ముఖాల్లో భావం లేకపోయినా మూడు ముఖాలు ఒకదాని వెనక ఒకటి నిలబడితే, వెనక ఏదో పెద్దదే ఉందని ఎవరికైనా తడుతుంది.

కరెంటు ఇంజన్ శ్రమను పట్టుకోవాలంటే నా లెక్కలో జయపురం, కోరాపుట్‌ల మధ్య ఘాట్‌కు వెళ్లాలి. మన వైపు లోడు బండి దిగుతుంది గానీ అక్కడ ఎక్కుతుంది. చక్రం జారబోతే ఇంజన్ పట్టాల మీద ఇసుక చల్లుకుంటుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ ఇసుక దుమ్ము ముందు చక్రాల దగ్గర సన్నగా లేస్తుంది. లింక్‌కు పొగ ఎంతో నాకది అంత. ఆ ఘాట్ కూడా పేచీకోరుదే. 2023 సెప్టెంబరులో మానబార్, జరటి స్టేషన్ల మధ్య కొండచరియ విరిగి పట్టాల మీద పడితే రాకపోకలు చాలా రోజులు ఆగిపోయాయి. రాయిని మోసే లైనును రాయే ఆపేసింది.

మన వైపు కథ వేరు. ఇక్కడ లాగడం ముఖ్యం కాదు, ఆపగలగడం ముఖ్యం. 4,700 టన్నుల బండి అరవైకి ఒకటి వాలులో ఉంటే, భూమి దాన్ని దాదాపు 78 టన్నుల బలంతో కిందికి లాగుతూనే ఉంటుంది. నిద్రపోదు, అలిసిపోదు. లోకో పైలట్ అంత బలానికీ ఎదురు నిలిచి బండిని నెమ్మదిగా, ఒకే వేగంతో దింపాలి. వట్టి బ్రేకు దిమ్మల మీద ఆధారపడితే అవి కాలిపోతాయి. అందుకే మోటార్లను తిరగేసి జనరేటర్లుగా వాడతారు. చక్రాలే మోటార్లను తిప్పుతాయి, ఆ తిప్పడంలో వేగం తగ్గుతుంది. పాత ఇంజన్లు అలా పుట్టిన కరెంటును వేడిగా మార్చి గాలిలోకి ఊదేసేవి. బండి దిగుతున్నప్పుడు ఆ ఫ్యాన్ల ఈల వినిపించేది. కొత్త డబ్ల్యూ.ఏ.జి.-9 ఇంజన్లు ఆ కరెంటును పైనున్న తీగలోకి తిప్పి పంపుతాయి. 4,700 టన్నులు 900 మీటర్లు దిగితే అందులో దాగిన శక్తి కాగితం మీద 11 వేల యూనిట్ల పైమాట. అదంతా తీగకు చేరదు, దారిలో రాపిడి తన వాటా తీసుకుంటుంది. చేరినదాంతో అదే సమయంలో ఎదురుగా ఎక్కుతున్న ఖాళీ బండి నడవవచ్చు. దిగే రాయి తన తర్వాతి విడత కోసం వెళ్లే బండిని తానే పైకి లాగుతోందన్న మాట. ఇంత అందమైన ఏర్పాటుకు ఫొటో తీయలేమన్నదే నా బాధ. మిగిలేది బ్రేకులు వేడెక్కిన వాసన. దాన్ని ఫొటోలోనూ పట్టలేం, రేడియోలోనూ పంపలేం.

పొడవు మాత్రం ఫొటోకు లొంగుతుంది. ఒక్కో వ్యాగన్ పదిన్నర మీటర్ల పైన, ఇంజన్లతో కలిపితే బండి 700 మీటర్లకు కాస్త తక్కువ. ఈ ఘాట్‌లో వంపులు ఎనిమిది డిగ్రీల దాకా ఉన్నాయి. అంటే వృత్తం వ్యాసార్ధం 220 మీటర్లకు అటూ ఇటూ. అలాంటి వంపు అర్ధవృత్తం దాకా సాగితే మన బండి సరిగ్గా అందులో పడుతుంది. ముందున్న లోకో పైలట్ తూర్పుకు వెళుతుంటే చివరి డబ్బాలోని గార్డు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పడమరకు వెళుతుంటాడు. గంటకు 30 కిలోమీటర్ల వేగమనుకుంటే మొత్తం బండి మన ముందునుంచి పోవడానికి నిమిషంన్నర దాకా పడుతుంది. తొందరపడనక్కర్లేదు. ఒక ఫొటో తీసి, కెమెరా దించి, మిగతా బండిని ఊరికే చూడొచ్చు. నన్నడిగితే అలాగే చూడమంటాను.

కాలం సంగతి. నవంబరు, డిసెంబరుల్లో అందరూ వలిసె పూల మధ్యన బండిని తీస్తారు. బాగుంటుంది, కాదనను. అందులో రైలును తీసేసి ఎడ్లబండిని పెట్టినా ఆ ఫొటో అంతే బాగుంటుంది, అదే దానితో ఇబ్బంది. నాకు వానాకాలం ఇష్టం. ఎండ రోజుల్లో గోడలు, రాయి, పట్టాల కింది కంకర అంతా ఒకే ఎర్ర దుమ్ములో కలిసిపోతుంది. తడిస్తే దేని రంగు దానికి వస్తుంది. రాయి కార్జం రంగుకు తిరుగుతుంది, పట్టాలు మెరుస్తాయి, కొండ నల్లబడుతుంది. లెన్సు మీద నీళ్లు పడతాయి, జలగలు పడతాయి. అవి కూడా లెక్కలో వేసుకోవాలి.

వేళలు అడక్కండి. గూడ్సుకు టైంటేబుల్ ఉండదు, మన ఫోన్లలోని మామూలు యాప్‌లకు దాని ఆచూకీ చిక్కదు. సిగ్నల్ దిగిందా, గేటు పడిందా, స్టేషన్‌లో ఖాళీ ర్యాక్ ఎవరికోసమో ఆగి ఉందా, ఇవే ఆధారాలు. ఒక్కోసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా లైను ఖాళీగా ఉంటుంది. ఒక్కోసారి టీ తాగే లోపల మూడు వెళ్లిపోతాయి, మూడూ మనం టీ తాగుతుండగానే.

ఆ ఎర్ర దుమ్ము గురించి ఇంకో మాట. పైన బైలదిల్లా నుంచి దిగే శంఖినీ నది ఈ రాతిపొడితో ఎర్రబడిందని అక్కడి ఆదివాసులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కింద విశాఖలో ఓడరేవు చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఖనిజాల దుమ్ము మీద పాత ఫిర్యాదే ఉంది. దారి రెండు కొసలా గోడు ఒకటే. మధ్యలో నిలబడి ఎరుపు బాగుందని ఫొటో తీసేవాడు ఆ కొసలను మరిచిపోతే ఎలా? నేను గూడ్సు ఫొటోలు చూపించినప్పుడల్లా వ్యాగన్ గోడ మీది దుమ్మును వేలుపెట్టి చూపిస్తాను.

ఇక రైలుతో పనే లేని రాయి కూడా ఉంది. కిరండూల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టం వేశారు. రాయిని పిండిచేసి, నీళ్లలో కలిపి అందులోంచి పంపుతారు. ఎస్సార్ సంస్థ 2000ల మధ్యలో వేసిన గొట్టం అది. లక్షల టన్నులు నేలకింద ప్రవహిస్తుంటాయి. ఇంజన్ లేదు, వ్యాగన్ లేదు, చప్పుడూ లేదు. బరువుకు ఫొటో తీయాలనుకునేవాడు అక్కడ కెమెరా మూసేసుకోవడమే.

వెళదామనుకునేవాళ్లకు రెండు మాటలు. కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా 189 కిలోమీటర్ల మేర రెండో లైను వేసే పని నడుస్తోంది. అది పూర్తయితే ఎదురెదురు బండ్లు స్టేషన్‌లో కాచుకోనక్కర్లేదు. ప్రయాణికులకు అది మంచి కబురే. లోడు బండి పక్కన ఖాళీ బండిని నిలబెట్టి చూసే వీలు మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి ఆ ఫొటో కావాలంటే ఆలస్యం చేయకండి. టికెట్టు కొనుక్కుని వెళ్లండి. ప్లాట్‌ఫారం మీదనుంచి, రోడ్డు మీదనుంచి తీసుకోండి. పట్టాల మీదికి, సొరంగాల్లోకి దిగకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా దాకా ఉంది. దానికన్నా ముందు చెప్పాల్సింది తీగ సంగతి. పైన 25 వేల వోల్టులుంటాయి, కాబట్టి సెల్ఫీ కర్ర పైకెత్తకండి. ఇంకో సంగతి, లోడు బండి నోరెత్తదని చెప్పాను కదా. వంపులో మీ వెనకనుంచి వచ్చేది అదే.